సూర్యుడి పక్కన ఆరో చుక్క

నేను రిటైరై రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో మా కోట ఊరి బస్టాండు దగ్గర టీ తాగడానికి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెడుతూనే ఉన్నారు. ఫోనులో సూర్యుడు ఉంటాడు. సూర్యుడి పక్కన ఒక పచ్చటి చుక్కో, తెల్లటి బిళ్లో, రెండో సూర్యుడో ఉంటుంది. ఇది నిజమేనా సార్ అని అడుగుతారు. కెమెరా అద్దంలో వెలుగు పడి అట్లా వచ్చింది నాయనా, ఫోను కొంచెం వంచి మళ్లీ తీయి, చుక్క కూడా దానితోపాటే జరుగుతుంది అని చెబుతాను. చెప్పగానే ముఖం మాడ్చుకుంటారు. కాదంటే కోపం, అవునంటే భయం. మరి నన్ను అడగడం ఎందుకో నాకు అర్థం కాదు. ముప్పయ్యొక్క ఏళ్లు ఇదే పని చేసి ఇంటికి వచ్చినవాణ్ణి, ఒక్క టీ ప్రశాంతంగా తాగనివ్వరు.

ఆకాశాన్ని గమనించే మా కేంద్రంలో కొత్తగా ఇద్దరు చేరారు, వాళ్ల కోసం ఏదైనా రాసివ్వమని అక్కడి నుంచి కబురు వచ్చింది. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి రాయను. వాటి వల్ల మీకు ఒరిగేది లేదు. నేను చేసిన ఒక తప్పు రాస్తాను. దాని వల్ల ఒక అమ్మాయి ఉద్యోగం పోయింది. అలాంటి తప్పు మేం చేయం అని మీరు ఇప్పుడే అనుకుంటూ ఉంటారు. నేనూ చేరిన కొత్తలో అట్లాగే అనుకున్నాను.

పళ్లెం నీడలో పని

కోటకు తూర్పున, రొయ్యల గుంటలు దాటాక, సముద్రపు ఇసుక మొదలయ్యే చోట మా కేంద్రం ఉంది. ఒక కాలేజీ ట్రస్టు వారిది. డాబా మీద ఒక ఇనుప స్తంభం, దానికి ఒక చేయి, ఆ చేయి చివర అన్నం తినే పళ్లెమంత నల్లటి గుండ్రటి రేకు. మేం దాన్ని పళ్లెం అనే పిలిచేవాళ్లం. సూర్యుడు జరిగేకొద్దీ పళ్లెం కూడా జరుగుతూ సూర్యుణ్ణి కప్పి ఉంచుతుంది. దాని నీడలో కెమెరా ఉంటుంది. మాకు కావలసింది సూర్యుడు కాదు, సూర్యుడి చుట్టూ ఉన్న ఆకాశం. అక్కడ నీలం ఎంత ముదురుగా ఉంటే గాలి అంత శుభ్రంగా ఉన్నట్టు. ఉప్పు తుంపర, దుమ్ము, పొగ, పలచటి మబ్బు, ఏది వచ్చినా సూర్యుడి పక్కనే ముందు తెలుస్తుంది.

కెమెరాతోపాటు మనిషి కన్ను కూడా ఉండాలి. రోజూ ఉదయం తొమ్మిదికి ఇద్దరు పరిశీలకులు, ఒకరు దిగాక ఒకరు, డాబా ఎక్కి పళ్లెం నీడలో ముఖం పెట్టి నిలబడి, సూర్యుడి చుట్టూ ఏం కనిపిస్తే అది పెన్సిలుతో కాగితం మీద గీయాలి. నీడ జారితే వెంటనే కళ్లు మూసుకోవాలి, ఇది మొదటి రోజు నేర్పే పాఠం. ఇంత మంచి కెమెరా ఉండగా ఈ పెన్సిలు గోల ఎందుకని వచ్చిన ప్రతి కుర్రవాడూ అడిగాడు. కెమెరా అబద్ధం చెప్పదట. అయ్యా, దానికి నిజం కూడా తెలీదు. తన అద్దం మీది మచ్చనూ ఆకాశంలో ఎగిరే పక్షినీ అది ఒకే గౌరవంతో ఫోటో తీసి పెడుతుంది. ఏది ఎక్కడుందో చెప్పడానికి మనిషిని పెట్టారు.

వింతలు మూడు రకాలు

ముప్పయ్యొక్క ఏళ్లలో సూర్యుడి పక్కన నేను చూసిన వింత వస్తువులన్నీ కలిపితే మూడు రకాలే తేలాయి.

మొదటివి పక్షులు. పులికాట్ సరస్సు పక్కన ఉంటూ పక్షులను గుర్తుపట్టలేకపోతే ఎట్లా? కానీ గుర్తుపట్టరు. ఒకసారి పదకొండు నల్లటి గీతలు వరుసగా సూర్యుడి కిందుగా వెళ్తున్న ఫోటో పట్టుకుని నెల్లూరు నుంచి ఒకాయన కారేసుకుని వచ్చాడు. ఫ్లెమింగోలండీ, ఇదిగో ఈ మూడోదానికి మెడ వంపు కూడా కనిపిస్తోంది అన్నాను. పక్షులైతే రెక్కలు ఆడాలి గదా అని ఆయన వాదన. ఫోటోలో రెక్కలు ఎట్లా ఆడతాయి స్వామీ అని అడిగితే, మీరు మాట మారుస్తుండారు అని కోప్పడి వెళ్లిపోయాడు.

రెండోవి అద్దం మీది మచ్చలు. సముద్రపు గాలికి ఇనుమే తుప్పు పట్టిపోతుంది, అద్దం ఎంత? మా కెమెరా అద్దం మీద ఉప్పు కొరికిన ఒక చిన్న మచ్చ ఉండేది. ప్రతి ఫోటోలోనూ కుడి పక్క కింద మూల తెల్లగా మెరిసేది. మాకు దాన్ని చూడకుండా దాటేయడం అలవాటైపోయింది. ఈ మచ్చను గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

మూడోది జిల్లేడు దూది. ఎండ ముదిరే రోజుల్లో జిల్లేడు కాయలు పగిలి విత్తనాలు దూదితో సహా గాలికి లేస్తాయి. మామూలు ఆకాశంలో అవి కంటికి ఆనవు. సూర్యుడి పక్కకు వచ్చేసరికి వెలుగు వెనక నుంచి పడి భగ్గుమని మెరుస్తాయి. కెమెరా చూపు దూరాన ఉంటుంది కాబట్టి దగ్గరి దూది అలుక్కుపోయి గుండ్రటి తెల్ల బిళ్లగా పడుతుంది. నమ్మకపోతే మీ ఇంటి గోడ చాటున, సూర్యుడు పూర్తిగా గోడ వెనక్కి వెళ్లేట్టు నిలబడి, గోడ అంచు పైనున్న ఆకాశం చూడండి. రెండు నిమిషాల్లో మీకూ ఒక దండు కనిపిస్తుంది. ఈ ముక్క నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. గోడ దాకా నడిచి చూసినవాడు ఒక్కడూ లేడు, ఫోను చూసినవాళ్లు మాత్రం ఊరంతా ఉన్నారు.

మడిచిన కాగితం

నన్ను పనిలో పెట్టుకున్న మొదటి డైరెక్టరు గారిని మేం పెద్దసారు అనేవాళ్లం. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాన్న ఇంజను డ్రైవరు. కోపిష్ఠి, పెన్సిలు మొన అరిగి ఉంటే కాగితం చించి పారేసేవారు. అయినా నాకు పని నేర్పింది ఆయనే.

ఆయన పెట్టిన పద్ధతి ఇది. ఒకరు గీశాక కాగితం మడిచి కవరులో పెట్టాలి. రెండోవాళ్లు దాన్ని చూడకుండా తమది గీసి, మడిచి, అదే కవరులో పెట్టాలి. అప్పుడు ఇద్దరూ కూర్చుని రెండూ విప్పాలి. తేడాలుంటే మాట్లాడుకోవాలి, కానీ ఎవరూ తమ బొమ్మ దిద్దకూడదు. చివరికి పైకాగితం మీద "ఇద్దరు చూశారు" అని రాసి సంతకాలు పెట్టాలి.

ఎందుకింత తంతు అని ఒకసారి అడిగాను. రైలింజనులో డ్రైవరూ, పక్కనుండేవాడూ ఇద్దరూ సిగ్నలు చూసి పైకి పలకాలి గదా అన్నారు. రెండోవాడు సిగ్నలు చూడకుండా డ్రైవరు నోరు చూసి పలికితే, బండిలో ఒక్కడే ఉన్నట్టని వాళ్ల నాన్న అనేవారట. "ఆ ఒక్కడి కన్ను పొరపాటు పడిందంటే వెనకాల పెట్టెల్లో జనం శేషయ్యా" అన్నారు పెద్దసారు. రెండు బొమ్మలు మరీ అచ్చంగా ఒకేలా ఉంటే ఆయన సంతోషించేవారు కాదు. ఎవరు ఎవరిది చూసి గీశారని ఇద్దరినీ నిలదీసేవారు.

పెద్దసారు పోయారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు పద్ధతి కాగితం మీదే మిగిలింది. కవరు విప్పే పని సీనియరు ఒక్కడే చూసుకోవచ్చన్నారు. ఆ సీనియరు నేనే.

బియ్యంలో రాళ్లు

రిటైరుకు ఏడాదిన్నర ఉందనగా నా కుడికంట్లో శుక్లం వచ్చింది. ఎడమకన్ను కూడా అంతంతమాత్రం. ముందు ఎవరికీ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకోలేదు. ఆకాశం చూసి బతికేవాడికి కన్ను పోతోందంటే అది మామూలు జబ్బు కాదు. పళ్లెం నీడలో నిలబడితే అంతా పాలనీళ్లే, మధ్యలో రంగుల చక్రాలు. ఏది ఆకాశంలో ఉందో, ఏది నా కంట్లో ఉందో తెలిసేది కాదు.

మా ఆవిడ రాజమ్మకు తెలిసిపోయింది. ఆమెకు తెలియనిది ఏముంది గనక. ఒక మధ్యాహ్నం చేట నా ముందు నుంచి లాక్కుని, "బియ్యంలో రాళ్లు ఏరలేకపోతుండారు, ఆకాశంలో ఏం చూస్తుండారు మీరు?" అంది. ఆపరేషను చేయించుకోమంది. సెలవు పెడితే ఎందుకని అడుగుతారు, కన్ను బాగాలేదంటే డాబా మీది నుంచి దించి రికార్డు గదిలో కూర్చోబెడతారు. రిటైరు అయ్యేదాకా ఎట్లాగో నెట్టుకొద్దాం అనుకున్నాను.

నెట్టుకొచ్చిన విధానం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. డాబా ఎక్కేవాణ్ణి, పది నిమిషాలు నిలబడేవాణ్ణి, దిగేవాణ్ణి. కింద కంప్యూటరులో ఆ ఉదయం ఫోటోను పెద్దది చేసుకుని, దాన్ని చూసి బొమ్మ గీసేవాణ్ణి. మడిచి కవరులో పెట్టి, నేనే కవరు విప్పి, నేనే "ఇద్దరు చూశారు" అని రాసేవాణ్ణి. ఏడు నెలలు ఇట్లా గడిచాయి. మనిషి కన్ను కెమెరాను సరిచూడాలని పద్ధతి పెడితే, నేను కెమెరా నోరు చూసి పలుకుతూ కూర్చున్నాను.

రెండో పరిశీలకురాలు సునీత. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే కుటుంబం, బీఎస్సీ చదివింది, ఏడాదికోసారి కొత్తగా రాసే కాంట్రాక్టు మీద పనిచేసేది. ఆ ఇంటికి నెలనెలా నిలకడగా వచ్చే జీతం ఆమెది ఒక్కటే. గాలి ఎటు తిరిగిందో ముఖం మీద తగిలించుకుని చెప్పేది, మేం యంత్రం చూసి చెప్పేలోపే. కొన్ని ఆదివారాలు మా ఇంటికి చేపలు తెచ్చిచ్చేది. నా బొమ్మల మీద ఆమెకు ఎంత గౌరవమో. చీటికీమాటికీ "సార్ గీసినట్టు గీయాలి" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

ఆ ఉదయం

ఎండలు మొదలైన రోజులు. ముందురోజు సునీత కెమెరా విప్పి అద్దం తుడిచింది. మళ్లీ బిగించేటప్పుడు మర పట్టక కెమెరాను తలకిందులుగా తిప్పి బిగించింది. ఫోటో నిటారుగా వచ్చేట్టు కంప్యూటరులో సరిచేసింది. దీనివల్ల అద్దం మీది ఉప్పు మచ్చ కుడి పక్క కింది నుంచి ఎడమ పక్క పైకి మారింది. ఆ సంగతి రిజిస్టరులో శుభ్రంగా రాసిపెట్టింది కూడా. నేను చదవలేదు. ఆమె సన్నటి అక్షరాలు నాకు కనిపించడం మానేసి చాలాకాలమైంది.

మర్నాడు ఫోటోలో సూర్యుడి చుట్టూ ఆరు తెల్ల బిళ్లలు. సునీత కంటితో ఐదు చూసి, ఐదు గీసి, పక్కన "జిల్లేడు దూది, దక్షిణపు గాలి" అని రాసింది. నేను ఫోటో చూసి ఆరు గీశాను. కుడి పక్క కింద ఏదైనా ఉంటే మచ్చ అని వదిలేసేవాణ్ణి. ఎడమ పక్క పైన ఉన్నదాన్ని వదిలేయాలని నాకేం తెలుసు? ఆరు గీసి, మడిచి, విప్పి, "ఇద్దరు చూశారు" అని సంతకం పెట్టాను. ఆమె ఐదు గీసింది కదా, నావి ఆరెందుకు అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆ ఫోటో రోజూలాగే కాలేజీ వెబ్‌సైటులోకి వెళ్లింది. అక్కడి నుంచి ఒక యూట్యూబ్ చానెలాయన ఎత్తుకున్నాడు. మూడో రోజుకు జిల్లా అంతా మోగిపోయింది. సూర్యుడి దగ్గర ఆరు గ్రహాంతర వాహనాలు కాపు కాస్తున్నాయట, నెల్లూరు తీరం మీదికే ఎందుకు వచ్చాయో మా కేంద్రం చెప్పాలట. ముత్తుకూరు నుంచి మా తోడల్లుడు ఫోను చేసి, "నిప్పు లేందే పొగ రాదు గదన్నా" అన్నాడు. దూది ఉంటే చాలు, నిప్పు అక్కర్లేదురా అన్నాను.

కోటలో చర్చ

అప్పటి డైరెక్టరు గారు చెడ్డమనిషి కాదు. కానీ ఆయనకు ఖాళీ కుర్చీలంటే భయం. ఎన్నేళ్లుగానో మా కేంద్రానికి ఒక్క మనిషి వచ్చిన పాపాన పోలేదు, ఆ వీడియో తర్వాత రోజూ బస్సు దిగి జనం వస్తున్నారు. ట్రస్టువాళ్లు కూడా ఫోను చేసి అభినందించారట, దేనికో వాళ్లకే తెలియాలి. ఆ జనాన్ని పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. అవునని అనరు, కాదని అనరు. ఎవరడిగినా పరిశీలనలో ఉంది అంటారు. సగం చెప్పిన అబద్ధంతో వేగడం కంటే నిండు అబద్ధంతో వేగడం తేలిక.

చివరికి కోటలో ఒక కల్యాణమంటపంలో చర్చ పెట్టారు. వేదిక మీద డైరెక్టరు గారు, చానెలాయన, సునీత. నేను ముందు వరుసలో కూర్చున్నాను. ఆరు బిళ్లల ఫోటోను గోడంత చేసి చూపించారు.

సునీత లేచి చక్కగా చెప్పింది. ఐదూ దూది అనీ, అవి గాలివాటాన ఎట్లా కదిలాయో తర్వాతి ఫోటోల్లో చూడొచ్చనీ చూపించింది. ఆరోది ఒక్కటే కదల్లేదు, ఎందుకంటే అది ఆకాశంలో లేదు, మా కెమెరా అద్దం మీది మచ్చ, ఫోటోకు ముందురోజు తను కెమెరా తిప్పి బిగించడంతో చోటు మారింది అంది. ఆమె మాట్లాడుతుంటే హాలు సద్దుమణిగింది. వెనక నుంచి ఒక రైతు, "అదా సంగతి, మా చేలో కూడా ఎగరతా ఉంటాయి" అన్నాడు. ఆ రోజుకు అక్కడితో ముగిసిపోవాల్సింది.

ఆరోది అద్దం మీది మచ్చ అన్న మాట ఆమె నోట విన్న తర్వాతే నేనేం గీశానో నాకు తెలిసింది.

డైరెక్టరు గారు కవరులోంచి నా కాగితం తీశారు. "సునీత చెప్పింది ఆమె అభిప్రాయం. అద్దం మీది మచ్చ మనిషి కంటికి కనపడదు గదా? మా సీనియరు శేషయ్య గారు అదే ఉదయం తన కంటితో ఆరూ చూసి గీసినారు. పైకాగితం మీద ఇద్దరు చూశారు అని సంతకం కూడా ఉంది."

నన్ను లేచి నిలబడమన్నారు. లేచాను. ఇది మీరు గీసిందేనా అని చానెలాయన అడిగాడు. గీసింది నేనే అన్నాను. అది అబద్ధం కాదు చూడండి. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. హాలంతా చప్పట్లు. ముప్పై ఏళ్ల అనుభవం అని ఎవరో అరిచారు.

సునీత నా కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. ఏదో అనబోయి నా వైపు చూసింది. తర్వాత కాగితం బల్ల మీద పెట్టి కూర్చుంది. నేర్చుకునేవాళ్లు పెద్దల మాట వింటే మంచిదని డైరెక్టరు గారు మైకులో నవ్వుతూ అన్నారు. ఆ పిల్ల తల ఎత్తలేదు.

ఆరో చుక్క

మర్నాడు నాకంటే ముందే ఆమె డాబా మీద ఉంది. నేను మెట్లు ఎక్కి రాగానే అడిగింది.

"ఆరో చుక్కని మీరు యాడ చూసినారు సార్?"

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చినంత కోపం ఇంకెవరికీ రాదు. పెద్దవాళ్లను అడిగే పద్ధతి ఇదేనా అన్నాను, నువ్వు పుట్టకముందు నుంచి ఆకాశం చూస్తున్నానన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆమె అంతా విన్నది.

"మీరు చూడలేదని నాకు తెలుసు సార్. నిన్న హాల్లోనే తెలిసింది. అందరి ముందర అనడం ఇష్టం లేక ఊరుకున్నా. మీరే చెప్తారనుకున్నా."

అంతే అని పళ్లెం నీడలోకి వెళ్లి గీసుకోవడం మొదలుపెట్టింది. నేను కిందికి వచ్చి కూర్చున్నాను. ఆ రోజు కూడా ఫోటో చూసే గీశాను. మీకు ఇది నమ్మబుద్ధి కాకపోవచ్చు. నాకే నమ్మబుద్ధి కాదు.

పదకొండు రోజులు ఊరుకున్నాను. రేపు చెబుదాం, డైరెక్టరు గారు ఊరి నుంచి వచ్చాక చెబుదాం, ఈ గోల సద్దుమణిగాక చెబుదాం అనుకుంటూ గడిపాను. ఆ లోపల నెలాఖరు వచ్చింది. సునీత కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. కేంద్రం మాటకు ఎదురు మాట్లాడే మనిషి వద్దన్నారట. ఆమె కెమెరా తుడిచి, రిజిస్టరు అప్పగించి, నాకు నమస్కారం పెట్టి వెళ్లింది. కోటలో రొయ్యల గుంటల నీళ్లు పరీక్షచేసే ల్యాబులో కుదిరిందని తర్వాత తెలిసింది. ఆకాశం చూడ్డానికి అంత మంచి కళ్లున్న పిల్ల గాజు గొట్టాల్లో ఉప్పునీళ్లు చూస్తూ కూర్చుంది. దానికి కారణం డైరెక్టరు గారు కాదు, చానెలూ కాదు. నేనే.

ఆ ఆదివారం రాజమ్మ, ఆ పిల్ల ఈమధ్య రావడంలేదే అని అడిగింది. చెప్పేశాను, కన్ను సంగతి నుంచి కాగితం దాకా మొత్తం. ఆమె వడ్డించబోతున్న గరిటె పక్కన పెట్టింది. తర్వాత, "మీ కంట్లో పొరని ఆ పిల్ల నెత్తిన రుద్దినారు" అంది. ఆ రోజు మా ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు.

ఎర్ర సిరా

సోమవారం ఒక ఎర్ర సిరా పెన్ను కొనుక్కుని రికార్డు గదిలో కూర్చున్నాను. ఏడు నెలల కవర్లు ఒక్కొక్కటే విప్పి, నా ప్రతి బొమ్మ మీద "ఫోటో చూసి గీసింది" అని రాశాను. "ఇద్దరు చూశారు" అన్నది కొట్టేసి "ఒక్కరే చూశారు" అని రాసి సంతకం పెట్టాను. కళ్లు సరిగా ఆనక నాలుగు రోజులు పట్టింది. కొన్ని చోట్ల అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇప్పటికీ వెళ్లి చూసుకోవచ్చు, దాచమని నేను అడగలేదు.

డైరెక్టరు గారు చూసి తల పట్టుకున్నారు. ఎవరడిగారు మిమ్మల్ని, ఇంకో ఎనిమిది నెలలు గడిస్తే గౌరవంగా వెళ్లిపోయేవారు కదా అన్నారు. ఏడు నెలల రికార్డు పాడుచేశారన్నారు. పాడుచేసింది ఎర్ర సిరా కాదండీ, పెన్సిలు అని చెప్పాను. ట్రస్టుకు కూడా అదే సంగతి రాసి, సునీతను వెనక్కి పిలవమని అడిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకు తెలుసు. నన్ను రికార్డు గదికి మార్చారు, రిటైరయ్యే రోజు సభ పెట్టలేదు. అది సరైన పనే అనుకుంటాను. రాజమ్మ మాత్రం శాలువా రానందుకు నెల రోజులు సణిగింది.

ఇక చానెలాయన సంగతి. ఆయనకు ఫోను చేసి, ఆరోది నేను చూడలేదు, కన్ను బాగాలేక ఫోటో చూసి గీశాను అని నా నోటితో చెప్పాను. మర్నాడు కొత్త వీడియో వచ్చింది. నిజం చూసిన వృద్ధ శాస్త్రవేత్త మీద ఒత్తిడి తెచ్చి ఎర్ర సిరాతో తిరగరాయించారట! నేను శాస్త్రవేత్తను కాదు, నా మీద ఒత్తిడీ లేదు, ఉన్నదల్లా శుక్లం. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా టీ కొట్టు రమణయ్య కన్ను గీటి, "మీరు చెప్పకూడదులే సార్, మాకు అర్థమైంది" అంటాడు. నేను అబద్ధం చెప్పినప్పుడు ఒక్కసారికే నమ్మారు. నిజం రెండేళ్లుగా చెబుతున్నాను, ఒక్కడు నమ్మడు. కొత్తగా చేరినవారికి నేను చెప్పేది ఇదే. మీ సంతకంతో ఒకసారి తప్పు బయటికి వెళ్లిందంటే దాన్ని మీరు మళ్లీ ఇంటికి తెచ్చుకోలేరు.

ఇద్దరు

సునీతను ఐదు నెలల తర్వాత పిలిచారు. న్యాయం జరిగిందని అనుకోకండి. నాకు కన్ను లేదు, డైరెక్టరు గారు బదిలీ అయ్యారు, పళ్లెం తిప్పడం తెలిసినవాళ్లు ఇంకెవరూ లేక పిలిచారు. ఆమె ఒకే షరతు పెట్టిందట, కవరు ఇద్దరూ కూర్చుని విప్పాలని. ఇప్పుడు అక్కడి బాధ్యత అంతా ఆమెదే. నన్ను ఇది రాయమని అడిగింది కూడా ఆమే. ఏం రాయాలమ్మా అంటే, "ఆరో చుక్క రాయండి సార్, మిగతావి నేను నేర్పుకుంటా" అంది.

నేను రిటైరయ్యాక రెండు కళ్లకూ ఆపరేషను చేయించుకున్నాను. అయినా డాబా ఎక్కడానికి మొహం చెల్లలేదు. పోయిన నెల ఆమే మా ఇంటికి వచ్చి, కొత్తవాళ్లు చూడాలి రండి అని తీసుకెళ్లింది. తొమ్మిదికి నేను పళ్లెం నీడలో నిలబడ్డాను. ఆకాశం అంత నీలంగా ఉంటుందని మరిచిపోయాను. దూది ఎగురుతోంది. కనిపించినంత గీసి, మడిచి, కవరులో పెట్టాను. నా తర్వాత ఆమె ఎక్కి గీసింది. నలుగురం బల్ల చుట్టూ కూర్చుని విప్పాం.

నావి నాలుగు, ఆమెవి ఆరు. ఒకటి నేను ఎడమ పక్క పెడితే ఆమె కిందికి పెట్టింది. ఆమె గీసేసరికి గాలి వాటిని జరిపేసింది, రెండు కొత్తవి వచ్చాయి. నా బొమ్మలో గీతలు వంకరలు పోయాయి. కొత్తగా చేరిన అమ్మాయి ఇటు చూసి అటు చూసి, రెండూ కలవడంలేదు, ఏది తప్పు మేడమ్ అని అడిగింది.

సునీత రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, పైకాగితం మీద "ఇద్దరు చూశారు" అని రాసి, సంతకం పెట్టమని పెన్ను నా చేతికి ఇచ్చింది.